లిస్టు ఎవరి దగ్గరుంది? మల్టీకాస్ట్ మీద నా గోల

నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఈ లెక్క నేను ఈ జన్మకి మర్చిపోను. అప్పట్లో నేను పనిచేసే చోట ఒక పని నెత్తిన పడింది. బిల్డింగ్ మొత్తం మీద దాదాపు 200 స్క్రీన్లు, అన్నిటి మీదా ఒకే లైవ్ వీడియో ఒకేసారి రావాలి. వీడియో సెకనుకి 8 మెగాబిట్లు. స్క్రీన్‌కి ఒకటి చొప్పున విడివిడిగా పంపితే 1600 మెగాబిట్లు అవుతుంది, మా సర్వర్‌కి ఉన్న లింకేమో ఒక్క గిగాబిట్, లెక్క ఎటు తిప్పినా కుదరదు. మల్టీకాస్ట్ పెడితే సర్వర్ నుంచి బయల్దేరేది ఒక్క 8 మెగాబిట్లే, దారిలో కాపీలు తీసే పని స్విచ్‌లు, అంటే మెషిన్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలు, చూసుకుంటాయి. సరే అని టేబుల్ మీద ఒక చవకరకం చిన్న స్విచ్ పెట్టి నాలుగు స్క్రీన్లు తగిలించి చూశాం, రోజంతా బ్రహ్మాండంగా ఆడింది. అసలు నెట్‌వర్క్ మీదకి ఎక్కించాక మాత్రం నాలుగు నిమిషాల చిల్లరకి స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. ప్లేయర్ ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆడుతుంది, మళ్ళీ అంతే సేపటికి ఆగుతుంది.

ముందు ప్లేయర్‌ని తిట్టాం. తర్వాత ఎన్‌కోడర్‌ని తిట్టాం. ఒకాయన కేబుల్స్ మార్చమన్నాడు, మార్చాం కూడా, సిగ్గులేకుండా. మూడో రోజు మాలో ఒకడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చుంటే తేలిన నంబర్ 260 సెకన్లు. యాదృచ్ఛికంగా పాడయ్యేది ప్రతిసారీ ఒకే సెకనుకి పాడవ్వదు కదా, అంటే ఎక్కడో ఒక టైమర్ ఉంది. వెతికితే దొరికింది. 125 రెండుసార్లు, పైన ఒక 10.

మల్టీకాస్ట్‌లో వినేవాళ్ళందరికీ కలిపి ఒక అడ్రస్, అదే గ్రూప్, డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా దానికి వెళ్తుంది. ఎవరు వింటున్నారో తెలుసుకోవడానికి వాడే ఐజీఎంపీ అనే ప్రోటోకాల్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. స్క్రీన్ లేవగానే "ఈ గ్రూప్‌కి వచ్చే ప్యాకెట్లు నాకు కావాలి" అని ఒక రిపోర్ట్ పంపుతుంది, అక్కడితో దాని నోరు మూతపడుతుంది. ఆ తర్వాత "ఇంకా ఎవరైనా వింటున్నారా?" అని ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి, మామూలుగా ఆ పని రౌటర్‌ది, 125 సెకన్లకోసారి అడుగుతుంది, వినేవాళ్ళు 10 సెకన్లలోపు జవాబివ్వాలి. రెండు సార్లు అడిగేంత టైమ్, దాని మీద ఇంకో పది సెకన్లు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే అక్కడ ఎవరూ లేరన్నట్టే లెక్క. మా స్క్రీన్లన్నీ ఒకే విలాన్‌లో, అంటే విడిగా కట్టిన ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో, ఉన్నాయి, అందులో మల్టీకాస్ట్ రౌటరే లేదు. అడిగేవాడు లేడు. అడక్కపోతే స్క్రీన్లు మాట్లాడవు. ఈ సంభాషణని పక్కనుంచి చెవొగ్గి వినే స్విచ్, దీన్నే స్నూపింగ్ అంటారు, 260 సెకన్లు చూసి అందరూ వెళ్ళిపోయారనుకుని తలుపేసేసింది. టేబుల్ మీద పెట్టిన చవక స్విచ్‌కి స్నూపింగ్ అంటేనే తెలీదు, వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ అన్ని పోర్టుల్లోకీ వెదజల్లేది, అందుకే దాంట్లో ఆడింది. తెలివిలేనిది నడిపించింది, తెలివైనది ఆపేసింది. స్విచ్‌లో క్వెరియర్, అంటే రౌటర్ బదులు ఆ ప్రశ్న అడిగే సదుపాయం, ఆన్ చెయ్యడానికి ఒకే ఒక్క లైను కొట్టాల్సొచ్చింది, దానికి మూడు రోజులు పట్టింది.

అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఒకరి దగ్గర్నుంచి చాలామందికి పంపే ఏ పద్ధతి చూసినా ముందు ఒకటే అడుగుతా, వినేవాళ్ళ లిస్టు ఎవరి దగ్గరుంది? నన్నడిగితే యాభై ఏళ్ళ బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ చరిత్ర మొత్తం ఈ లిస్టుని ఒకరి నెత్తి మీంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడమే. మల్టీకాస్ట్ చచ్చిపోయింది అని తేల్చేసేవాళ్ళతోనూ నాకు పేచీయే, అంత గొప్పదాన్ని ఇంటర్నెట్ కంపెనీలు కావాలని తొక్కేశాయి అని వాపోయేవాళ్ళతోనూ పేచీయే.

మొదట్లో లిస్టే లేదు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్ (PARC)లో బాబ్ మెట్‌కాఫ్ వాళ్ళు ఈథర్నెట్ అనుకున్నప్పుడు ఒకటే పొడుగాటి కేబుల్, దానికే అందరూ తగులుకుని ఉంటారు, ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. బ్రాడ్‌కాస్ట్ అన్నది అక్కడ ఎవరూ చేసిపెట్టిన సదుపాయం కాదు, తీగ స్వభావమే అది. నిజానికి అక్కడ కష్టపడాల్సింది తనది కాని ప్యాకెట్‌ని వదిలెయ్యడానికి. ఈ ఉచితాన్ని నమ్ముకునే 1982లో ఏఆర్‌పీ వచ్చింది, "ఈ ఐపీ అడ్రస్ ఎవరిదండీ?" అని అందరి మధ్యలో నిలబడి అరవడం. ఆ తీగ పోయింది. దాని స్థానంలో స్విచ్‌లొచ్చాయి, ఒక్కో మెషిన్‌కి ఒక్కో తీగ. అరిచే అలవాటు మాత్రం పోలేదు, అందుకని ప్రతి స్విచ్చూ తాను ఒక పాత కేబుల్‌ని అని నటించాల్సొచ్చింది. ఆ నటనకి అయ్యే ఖర్చే మనం ఇప్పటికీ కడుతున్నాం.

ఆ ఖర్చు ఎలాంటిదో కళ్ళారా చూడాలంటే ఒక కేబుల్ రెండు కొసలూ తెలిసో తెలియకో ఒకే స్విచ్‌లో గుచ్చండి, లూప్ పట్టే తెలివి ఆఫ్‌లో ఉన్న స్విచ్‌లో. ఈథర్నెట్ హెడర్‌లో ఇన్ని గెంతులయ్యాక చచ్చిపో అని చెప్పే అంకె లేదు, కాబట్టి ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ పడితే చాలు, అది తిరుగుతూ కాపీలవుతూ తిరుగుతూనే ఉంటుంది, స్విచ్ మీదున్న లైట్లన్నీ ఒకేసారి పూనకం వచ్చినట్టు ఆడతాయి. రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ రాసింది దీనికోసమే, ఉన్న లింకుల్లో కొన్నిటిని నోరుమూయించి మిగిలినదాన్ని లూప్ లేని చెట్టుగా మార్చడం.

ఇంతవరకూ ఒక లోకల్ నెట్‌వర్క్ సంగతి. రౌటర్లూ, వాటి మధ్య అడ్డదిడ్డంగా లింకులూ ఉన్న అసలు ప్యాకెట్ నెట్‌వర్క్‌లో అందరికీ ఒక ప్యాకెట్ చేరాలంటే ఏం చెయ్యాలి? వచ్చింది వచ్చినట్టు అన్ని వైపులా పంపితే మళ్ళీ అదే తుఫాను. చూసిన ప్రతి ప్యాకెట్‌నీ గుర్తుపెట్టుకుంటే రౌటర్ మెమరీ చాలదు. దీనికి యోగేన్ దలాల్, మెట్‌కాఫ్ కలిసి 1978లో చెప్పిన ఉపాయం నాకు ఈ రంగం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. రౌటర్ దగ్గర యూనికాస్ట్ కోసం, అంటే ఒకరి నుంచి ఒక్కరికే పంపడానికి, ఎలాగూ ఒక టేబుల్ ఉంది కదా, ఎవరికి చేరాలంటే ఏ వైపు వెళ్ళాలి అని. దాన్ని తిరగేసి చదవమన్నారు. ప్యాకెట్ పంపినవాడి పేరు చూడు, నువ్వు అతనికి ఏదైనా పంపాలంటే ఏ తలుపులోంచి పంపుతావో సరిగ్గా ఆ తలుపులోంచే ఇది వచ్చిందా? అయితే మిగతా తలుపులన్నిట్లోంచీ పంపు. వేరే తలుపులోంచి వచ్చిందా? అయితే అది చుట్టు తిరిగొచ్చిన కాపీ, పారెయ్. అంతే. కొత్తగా గుర్తుపెట్టుకునేది ఏమీ లేదు, కొత్త టేబుల్ లేదు, లూప్ లేదు. రివర్స్ పాత్ ఫార్వర్డింగ్ అంటారు. ఇవాళ్టి మల్టీకాస్ట్ రౌటింగ్ కూడా వెన్నెముక దగ్గర ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది, ఎందుకు రావట్లేదు అని డీబగ్ చెయ్యడానికి కూర్చుంటే సగం సార్లు దొరికేది ఈ చెక్ ఫెయిలవ్వడమే, వెళ్ళే దారీ వచ్చే దారీ వేరువేరైపోయి ఉంటాయి.

కానీ అది బ్రాడ్‌కాస్ట్. కావాలన్నవాడికీ వద్దన్నవాడికీ ఇద్దరికీ వెళ్తుంది. అందరికీ వినపడేలా అరిచే హక్కు ఊరి బయటివాడికి కూడా ఇస్తే ఏమవుతుందో 1990ల చివర్లో స్మర్ఫ్ దాడులు చూపించాయి. ఎక్కడో ఉన్న ఒక నెట్‌వర్క్ బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కి ఒక్క పింగ్ ("ఉన్నావా?" అనే చిన్న ప్రశ్న), పంపినవాడి అడ్రస్ దగ్గర బాధితుడి అడ్రస్. లోపలున్న వందల మెషిన్లూ మర్యాదగా జవాబిస్తాయి, జవాబులన్నీ పోయి పాపం వాడి మీద పడతాయి. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 (ఇంటర్నెట్ పద్ధతులు రాసి పెట్టే నంబర్ల పత్రాల్లో ఒకటి) వచ్చి రౌటర్లు ఇలాంటి డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్‌ని మామూలుగా ఆపేసి ఉంచాలని చెప్పింది. లిస్టు లేకపోవడం హాయిగానే ఉంటుంది, మనం బాధితుడు కానంతవరకూ.

లిస్టు గురించి నిజంగా కొత్తగా ఆలోచించింది స్టీవ్ డీరింగ్. స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తూ చేసిన పని, 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112గా వచ్చింది. ఆయన మోడల్‌లో విడ్డూరం ఏంటంటే లిస్టు ఎక్కడా పూర్తిగా ఉండదు. పంపేవాడికి వినేవాళ్ళెవరో తెలీదు. గ్రూప్ అంటే ఒక అడ్రస్, 224 నుంచి 239 వరకూ మొదలయ్యేవి, అంతే. ఆఖరి రౌటర్‌కి కూడా "ఈ వైపు కనీసం ఒక్కడైనా ఉన్నాడా లేదా" అన్నది చాలు, ఎంతమంది, ఎవరెవరు అనేది అనవసరం. పాత ఐజీఎంపీలో అయితే పక్కవాడు ముందే జవాబిచ్చేస్తే మిగతావాళ్ళు ఊరుకునేవాళ్ళు, ఒక్క చెయ్యి లేస్తే చాలు కదా అని. చాలా అందమైన ఊహ, తీగ ఒకటే ఉన్న కాలానికి. స్విచ్‌లొచ్చాక ఏ పోర్టులో ఎవరున్నారో స్విచ్‌కి తెలియాలి, పక్కవాడు మాట్లాడాడని వీడు ఊరుకుంటే వీడి పోర్టు మూసుకుపోతుంది. అందుకే స్నూపింగ్ చేసే స్విచ్‌లు ఒకరి రిపోర్ట్ ఇంకొకరికి వినపడకుండా జాగ్రత్తపడతాయి. డీరింగ్ వద్దనుకున్న లిస్టునే స్విచ్ చాటుగా విని మళ్ళీ రాసుకుంటోంది.

ఇక్కడో పిట్టకథ. గ్రూప్ అడ్రస్‌లో తేడా చూపించే బిట్లు 28. వాటిని ఈథర్నెట్ అడ్రస్‌లోకి దించాలి, దానికి 16 వరస బ్లాకులు కొనాలి, అప్పట్లో ఒక్కో బ్లాక్ వెయ్యి డాలర్లు, కొన్నది ఒక్కటే, అందులో కూడా సగమే దీనికిచ్చారు అని నెట్‌వర్క్ వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకూ అలాగే జరిగినా, మిగిలింది మాత్రం 23 బిట్లే. అంటే 32 గ్రూపులు ఒకే ఈథర్నెట్ అడ్రస్ పంచుకుంటాయి. 224.1.1.1, 239.129.1.1 రెండూ కింద ఒకటే. ఎవరైనా ముచ్చటపడి తన వీడియోకి 239.128.0.5 పెట్టుకున్నాడనుకోండి, అది కింద 224.0.0.5తో కలుస్తుంది, అదేమో ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో రౌటర్లు దారుల గురించి మాట్లాడుకునే గ్రూప్, ఈథర్నెట్ అడ్రస్ చూసి పంపే స్విచ్‌లు దాన్ని ఎప్పుడూ అన్ని పోర్టుల్లోకీ పంపుతాయి. ఇక ఆ వీడియో ఎవరడిగినా అడక్కపోయినా అందరింటికీ పోతుంది.

సరే, పెద్ద నెట్‌వర్క్ మీదకి వద్దాం. 1992 మార్చిలో శాన్ డీగోలో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశం ఆడియోని ఎంబోన్ మీద 20 చోట్లకి పంపారు, మల్టీకాస్ట్ ప్యాకెట్లని మామూలు ప్యాకెట్లలో దాచి పంపే టన్నెల్స్‌తో అతుకులేసిన నెట్‌వర్క్ అది. 1994 నవంబర్లో రోలింగ్ స్టోన్స్ వాళ్ళ కచేరీలో కొంత భాగం కూడా దాని మీదే వెళ్ళింది. మొదటి పద్ధతి ఏంటంటే అందరికీ పోసేసి, వద్దన్నవాళ్ళు "వద్దు" అని చెప్పుకోవడం. వింటున్నవాడి లిస్టు పోయి వద్దన్నవాడి లిస్టొచ్చింది అన్నమాట, పైగా ఆ "వద్దు"కి కూడా గడువుంటుంది, అది తీరగానే మళ్ళీ పోస్తారు. నలుగురు వినే గ్రూప్ కోసం మిగతా ప్రపంచమంతా మాకొద్దని రాసుకుంటూ కూర్చోవాలా? అందుకే తర్వాత తిరగేశారు, కావాలన్నవాడే చెయ్యెత్తాలి, దాన్నే పిమ్ స్పార్స్ మోడ్ అంటారు. కానీ చెయ్యెత్తేవాడికి పంపేవాడెవడో తెలీదు కదా, అందుకని మధ్యలో ఒక రౌటర్‌ని కలుసుకునే చోటుగా పెట్టారు, రాందేవూ పాయింట్ అని. ఆ రౌటర్ ఎవరిది? నా గ్రూప్ నడవాలంటే నా పోటీ కంపెనీ రౌటర్ బతికుండాలా? ఎవరికి వాళ్ళు ఒకటి పెట్టుకున్నారు, వాటి మధ్య కబుర్లకి ఇంకో ప్రోటోకాల్ రాశారు. అసలు సమస్య కంటే దాని చుట్టూ కట్టిన తాళ్ళు ఎక్కువయ్యాయి. చివరికి వచ్చిన సోర్స్ స్పెసిఫిక్ మల్టీకాస్ట్ ఈ గోలంతా ఒక్క దెబ్బకి తీసేసింది. వినేవాడు గ్రూప్‌తో పాటు ఎవరి దగ్గర్నుంచి కావాలో కూడా చెప్పాలి, అంతే, మధ్యవర్తితో పని లేదు. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8815 అయితే వేరువేరు నెట్‌వర్క్‌ల మధ్య పాత పద్ధతి ఇక వద్దని రాతపూర్వకంగానే చెప్పేసింది. ఇది మొదట్లోనే చేసుంటే అని నాకూ అనిపిస్తుంది, కానీ చేసినా ఇంటర్నెట్ అంతటా నడిచేదని మాత్రం నేననుకోను.

ఎందుకంటే అసలు ముల్లు ఇంకోచోట ఉంది. యూనికాస్ట్ అడ్రస్‌లు ఉండే చోటుని బట్టి గుత్తులుగా ఉంటాయి, లక్షల మెషిన్లకి దారి ఒక్క లైన్లో రాసుకోవచ్చు, ఉత్తరం మీద ఊరి పేరు చూసి బస్తాలో వేసినట్టు. గ్రూప్ అడ్రస్‌కి ఊరుండదు. వినేవాళ్ళు ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి నడిమధ్యలో ఉన్న రౌటర్ ఒక్కో గ్రూప్‌కి ఒక్కో లైను రాసుకోవాల్సిందే, దాన్ని కుదించే దారి లేదు. అవతల ఎవడో పదిమంది స్నేహితుల కాల్ కోసం గ్రూప్ పెడితే సంబంధం లేని కంపెనీ రౌటర్‌లో ఖరీదైన మెమరీ పోతుంది, దానికి బిల్లు ఎవరికెయ్యాలి? ఇందులో కుట్ర ఏమీ లేదు, కూడికలే. దీనికి తోడు అందిందో లేదో కనుక్కుంటూ పంపే టీసీపీ ఇక్కడ పనికిరాదు, 10,000 మంది వింటుంటే ప్రతి ప్యాకెట్‌కీ 10,000 మంది "అందింది" అని కేకేస్తే పంపేవాడు చెవుడొచ్చి పోతాడు, పోనీ అందనివాళ్ళే చెప్పండి అన్నా, మొదట్లో ఉన్న ఒక లింకులో ప్యాకెట్ పోతే అందరూ ఒకేసారి ఏడుస్తారు. అందరిలోకీ నెమ్మదైనవాడి వేగంలో పంపాలా, వాణ్ణి వదిలెయ్యాలా అనేదానికి కూడా అందరికీ నచ్చే జవాబు లేదు.

అందుకే ఇంటర్నెట్‌లో లైవ్ వీడియో వేరే దారి పట్టింది. అసలు సర్వర్ నుంచి కొన్ని మధ్య సర్వర్లకి, అక్కడి నుంచి వేలాది అంచు సర్వర్లకి, అక్కడి నుంచి చూసేవాళ్ళకి విడివిడిగా. చెట్టు ఆకారం అదే, కాకపోతే కొమ్మలు విరిసే చోట రౌటర్ బదులు డిస్క్ ఉన్న సర్వర్ ఉంది, ఆ సర్వర్‌కి డబ్బులు కట్టేవాడు ఉన్నాడు, లిస్టు వాడి దగ్గరుంది. పైగా చూసేవాడు పాజ్ కొడతాడు, వెనక్కెళ్తాడు, సిగ్నల్ తగ్గితే చిన్న సైజు వీడియోకి దిగుతాడు, అందరికీ ఒకే బైట్లు ఒకే క్షణంలో అన్న మల్టీకాస్ట్ ఒప్పందం అక్కడే తెగిపోయింది. అలా అని చివరి మైల్లో ఒకే మ్యాచ్ తాలూకు ఒకే బైట్లు ఒకే గొట్టంలోంచి వేలసార్లు పోతుంటే బాధగా ఉండదా అంటే, ఉంటుంది. చాలా ఉంటుంది.

చచ్చిపోయింది అనేవాళ్ళకి నా జవాబు, లిస్టూ బిల్లూ ఒకే యజమాని దగ్గరున్న ప్రతిచోటా మల్టీకాస్ట్ నిక్షేపంగా ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజీలు ధరలు పంపేది దీంతోనే, ఒకే డేటా ఏ, బీ అని రెండు గ్రూపుల్లో, ప్రతి ప్యాకెట్‌కీ వరస నంబర్, ఒకదాంట్లో పోతే రెండోదాంట్లోంచి తీసుకో, రెండిట్లోనూ పోతే విడిగా అడుగు. టెలికాం కంపెనీల ఐపీటీవీ (వాళ్ళ నెట్‌వర్క్ మీద వచ్చే టీవీ ఛానెళ్ళు) అంతే. ఫోన్ నుంచి ప్రింటర్ దానంతటదే కనపడిందంటే 224.0.0.251 అనే గ్రూప్‌కి ఒక ప్రశ్న వెళ్ళొచ్చినట్టు.

ఈ వాదనకి నాకు బాగా అడ్డం తగిలేది వైఫై. యజమాని ఒక్కడే, గాలి కూడా పాత కేబుల్ లాంటిదే, ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది, ఇక్కడైనా బ్రాడ్‌కాస్ట్ ఉచితం కావాలి కదా? అన్నిటికన్నా ఖరీదు ఇక్కడే. అందరికీ అర్థమవ్వాలని బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ఫ్రేములని అడుగు వేగంలో పంపుతారు, అందిందని ఎవరూ చెప్పరు కాబట్టి పోతే పోయినట్టే. 1500 బైట్ల ప్యాకెట్ 1 మెగాబిట్ వేగంలో 12 మిల్లీసెకన్ల గాలి తింటుంది. అదే ప్యాకెట్ ఒక ఫోన్‌కి 600 మెగాబిట్లలో పంపితే 20 మైక్రోసెకన్లు. 30 ఫోన్లకి 30 సార్లు విడివిడిగా పంపినా 0.6 మిల్లీసెకన్లు, పైఖర్చులు వేసుకున్నా ఒక్కసారి అరవడం కంటే చాలా చవక! అందుకే మంచి యాక్సెస్ పాయింట్లు మల్టీకాస్ట్‌ని లోపలే యూనికాస్ట్‌గా మార్చి ఒక్కొక్కరికీ అందిస్తాయి. లిస్టు మళ్ళీ వచ్చి గోడ మీద వేలాడే ఆ తెల్ల డబ్బాలో కూర్చుంది.

ఐపీ కొత్త తరం, అంటే ఐపీవీ6 వాళ్ళు, బ్రాడ్‌కాస్ట్ అన్న మాటే తీసేశారు, ఏఆర్‌పీ కేక బదులు అడ్రస్ చివరి 24 బిట్లతో ఒక చిన్న గ్రూప్, అందులో మామూలుగా ఒక్కడే ఉంటాడు. కాగితం మీద ముద్దొస్తుంది. కానీ మెషిన్‌కో గ్రూప్ అంటే స్విచ్ టేబుల్‌లో మెషిన్‌కో లైను, అన్ని లైన్లు పట్టవు కాబట్టి చాలా స్విచ్‌లు దాన్ని మామూలు కేకలాగే అందరికీ పంపేస్తాయి. నెట్‌వర్క్ కార్డులు తమది కానిది వదిలేస్తాయి కాబట్టి ప్రాసెసర్లకి సుఖం, అంతవరకూ ఒప్పుకుంటా.

నాకు మనసు లాగేది మాత్రం బీర్ అనే పద్ధతి, పేరు చూసి నవ్వకండి, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8279. బయటికి వెళ్ళే ప్రతి అంచు రౌటర్‌కీ ఒక బిట్. లోపలికొచ్చే దగ్గర ఎవరెవరికి వెళ్ళాలో ఆ బిట్లు ప్యాకెట్ మీదే వేసేస్తారు. మధ్య రౌటర్ ఆ బిట్లు చూసి, ఏ బిట్లకి దారి ఎటో మామూలు టేబుల్‌లో చూసుకుని, ఒక్కో వైపుకి ఒక్కో కాపీ తీసి, ఆ కాపీలో ఆ వైపు వాళ్ళ బిట్లు మాత్రమే ఉంచి పంపేస్తుంది. గ్రూపుల గురించి దానికి ఏమీ తెలియక్కర్లేదు. లిస్టు ప్యాకెట్ వీపు మీద ప్రయాణం చేస్తోంది, దలాల్ మెట్‌కాఫ్‌ల తర్వాత నాకంత ముచ్చటేసిన ఆలోచన ఇదే. కాకపోతే ఆ బిట్లు చదివే చిప్పులు కావాలి, అదీ ఒకే యజమాని నెట్‌వర్క్ లోపలే.

మా స్క్రీన్ల కథకి ఒక తోక ఉంది. ఏడాది తర్వాత నేను వేరే టీమ్‌లోకి మారిపోయాక ఆ స్విచ్ పాతదైందని తీసేసి కొత్తది పెట్టారు, కాన్ఫిగ్ అక్షరం పొల్లుపోకుండా కాపీ చేశారు. మర్నాడు ఫోన్. "అన్నా, వీడియో ఆడుతోంది కానీ కాసేపటికి ఆగిపోతోంది, క్వెరియర్ ఆన్‌లోనే ఉంది, చూశాం." ఎంతసేపటికి అని అడిగా. నాలుగు నిమిషాల పైన అన్నాడు. ఆ విలాన్‌లో స్విచ్‌కి ఐపీ అడ్రస్ ఉందా అని అడిగా. లేదు. కొత్త మోడల్ తనకో అడ్రస్ లేకపోతే క్వెరీ పంపదు, ఎర్రర్ కూడా చూపించదు, ఆన్ అని రాసుకుని మౌనంగా కూర్చుంటుంది. అడ్రస్ ఇచ్చాడు, లైన్లోనే ఉన్నాం ఇద్దరం, ఐదు నిమిషాలు దాటేవరకూ.